పెట్రోల్ సబ్సిడీ తీసేశాక నైజీరియా ఇళ్లలో ఏం మారింది?

నైజీరియాలో ఒక చిన్న పెట్రోల్ జనరేటర్ దొరుకుతుంది, ఒక చేత్తో ఎత్తుకుపోవచ్చు. రెండు మూడు బల్బులు, ఒక ఫ్యాన్, ఒక టీవీ, ఫోన్ చార్జర్, అంతకుమించి లాగలేదు. జనం దానికి పెట్టుకున్న ముద్దుపేరు 'ఐ బెటర్ పాస్ మై నెయిబర్', అంటే మా పక్కింటోడికన్నా నేనే నయం అని. ఈ జోక్ వెనక ఉన్న సంగతి ఏంటంటే, 20 కోట్లకు పైగా జనం ఉన్న ఆ దేశంలో గ్రిడ్ నుంచి మామూలుగా అందే కరెంటు నాలుగైదు వేల మెగావాట్లు. మన తెలంగాణ ఒక్కదాని గరిష్ఠ డిమాండే 15 వేల మెగావాట్లు దాటింది కాబట్టి మీరే పోల్చి చూసుకోండి. దర్జీ కొట్టు, సెలూన్, చల్లటి చేపలు అమ్మే ఫ్రీజర్, మిరపకాయలు రుబ్బిచ్చే మర, వీటిలో చాలా వాటికి తోడు చిన్నదో పెద్దదో ఏదో ఒక జనరేటరే. అందుకే అక్కడ పెట్రోల్ ధర పెరగడం అంటే బండి ఉన్నవాళ్ల గొడవగా మిగిలిపోదు, బండే లేని దర్జీకి కూడా అదే పెద్ద టెన్షన్.

2023 మే 29న బోలా టినుబు అధ్యక్షుడిగా ప్రమాణం చేసి, ఆ ప్రసంగంలోనే పెట్రోల్ సబ్సిడీ ఇక లేదు అనేశారు. అప్పటి నుంచి ఆ దేశం గురించి రెండు రకాల వార్తలు వస్తున్నాయి. ఒకటి, ఖజానా కోలుకుంటోంది, విదేశీ మారక నిల్వలు పెరిగాయి, ద్రవ్యోల్బణం దిగుతోంది అని. రెండోది, జనం తినడానికే కష్టపడుతున్నారు అని. రెండూ చదివినవాళ్లకి ఇందులో ఏది అబద్ధం అన్న అనుమానం వస్తుంది. రెండూ నిజమే, అది ఎలా అన్నదే ఇక్కడ విప్పి చూద్దాం.

ముడిచమురు అమ్మి పెట్రోల్ కొనుక్కునే దేశం

నైజీరియా ఆఫ్రికాలో అతిపెద్ద చమురు ఉత్పత్తిదారుల్లో ఒకటి, మన దేశం కూడా వాళ్ల ముడిచమురు కొంటుంది. కానీ బండిలో పోసేది ముడిచమురు కాదు కదా, శుద్ధి చేయాలి. పోర్ట్ హార్కోర్ట్, వారీ, కడునాల్లో ప్రభుత్వానివి రోజుకి 4.45 లక్షల బ్యారెళ్ల సామర్థ్యం ఉన్న రిఫైనరీలున్నాయి, అవి ఏళ్ల తరబడి దాదాపు మూతబడే ఉన్నాయి. కాబట్టి ముడిచమురు బయటికి పంపి, పెట్రోల్‌ని డాలర్లు పోసి దిగుమతి చేసుకునేవారు. మన భాషలో చెప్పాలంటే వడ్లు పండించి బియ్యం కొనుక్కుని తినడం.

ఇక సబ్సిడీ సంగతి. బంకులో లీటరు ధర ఇంత అని ప్రభుత్వం ముందే కట్టేసేది. దిగుమతి చేసుకున్నందుకు అయిన ఖర్చు అంతకన్నా ఎక్కువైతే ఆ తేడాని ప్రభుత్వమే భరించేది. 1970ల నుంచీ ఏదో ఒక రూపంలో ఇది నడిచింది. ఎవరికీ చేతికి డబ్బు ఇచ్చేవారు కాదు, ప్రభుత్వ చమురు కంపెనీ ఎన్ఎన్‌పీసీ తను ఖజానాకి కట్టాల్సిన దాంట్లోంచి ఈ తేడాని కోసుకునేది. 2022లో ఇలా పోయింది 4 లక్షల కోట్ల నైరాలు (నైరా అక్కడి కరెన్సీ) దాటింది. ఆ డబ్బు కేంద్రానికి, 36 రాష్ట్రాలకి, 774 స్థానిక ప్రభుత్వాలకి పంచాల్సిన సొమ్ములోంచి పోయినట్టే.

పైగా ఈ సాయం ఎవరు ఎక్కువ పెట్రోల్ పోయించుకుంటే వాళ్లకి ఎక్కువ దక్కేది. అక్కడి అతిపెద్ద నగరం లేగోస్‌లో ఎనభై లీటర్ల ట్యాంకున్న పెద్ద కారాయనకి, మూడు లీటర్లతో రోజు గడిపే ఆటో ఆయనకన్నా పాతిక రెట్లు. సరిహద్దు దాటించేవాళ్లు మరో పక్క. పక్క దేశం బెనిన్‌లో రోడ్డు పక్కన గాజు సీసాల్లో, జాడీల్లో పెట్రోల్ అమ్ముతారు, దాన్ని 'క్పాయో' అంటారు. సబ్సిడీ ఉన్న రోజుల్లో అది నైజీరియా నుంచి దొంగచాటుగా వచ్చిన చవక పెట్రోలే. టినుబు ప్రసంగం నైజీరియా రాజధాని అబూజాలో అయితే, కొద్ది రోజుల్లోనే బెనిన్‌లోని కోటోనూలో క్పాయో ధర ఎగబాకింది.

మరి ఇంత లోపభూయిష్టమైన పథకాన్ని జనం ఎందుకు పట్టుకుని వేలాడారు? కరెంటు ఇవ్వదు, నీళ్లు ఇవ్వదు, రోడ్డు వెయ్యదు, ప్రభుత్వం నుంచి మాకు నేరుగా అందే ఒకే ఒక్కటి చవక పెట్రోల్, అది కూడా తీసేస్తారా? చాలామంది వాదన ఇదే, దీన్ని తెలివితక్కువతనం అని కొట్టిపారేయలేం. 2012 జనవరి 1న గుడ్‌లక్ జొనాథన్ ప్రభుత్వం సబ్సిడీ తీసేసి లీటరు 65 నైరాల నుంచి 140 పైకి పంపితే, 'ఆక్యుపై నైజీరియా' పేరుతో వీధులన్నీ నిండిపోయాయి, సమ్మె జరిగింది, చివరికి 97కి దించాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎవరూ పూర్తిగా తీసేసే ధైర్యం చేయలేదు. టినుబుకి ముందున్న బుహారీ ప్రభుత్వం కూడా 2023 బడ్జెట్‌లో జూన్ దాకానే సబ్సిడీకి డబ్బు పెట్టి, ఆ నిప్పుని తర్వాత వచ్చేవాళ్ల చేతిలో పెట్టి దిగిపోయింది.

ఒక డాలరుకి రెండు ధరలు

రెండో నిర్ణయం రెండు వారాల తర్వాత వచ్చింది, చాలా వార్తల్లో ఇది మొదటిదాంతో కలగలిసిపోతుంది కాబట్టి విడిగా చూడాలి.

అప్పటిదాకా కేంద్ర బ్యాంకు లెక్కలో ఒక డాలరు సుమారు 460 నైరాలు. బయట వీధిలో 750. వీధిలో డాలర్లు మార్చేవాళ్లని అక్కడ 'అబోకీ' అంటారు, హౌసా భాషలో స్నేహితుడు అని. బ్యాంకు ధరకి డాలర్లు అందరికీ దొరకవు, పలుకుబడి ఉన్నవాళ్లకే దొరికేవి. పది లక్షల డాలర్లు 460 చొప్పున తెచ్చుకుని 750 చొప్పున బయట అమ్మితే, కుర్చీలోంచి లేవకుండా 29 కోట్ల నైరాల లాభం! అంత తేలికైన వ్యాపారం ఉంటే ఫ్యాక్టరీ ఎవడు పెడతాడు? ఇంకో పక్క 2015 నుంచి బియ్యం, సిమెంటు సహా నలభైకి పైగా సరుకుల దిగుమతికి బ్యాంకు డాలర్లు ఇవ్వం అన్నారు, 2023 అక్టోబర్ దాకా అదే రూలు.

2023 జూన్ 14న కేంద్ర బ్యాంకు ఆ గోడ తీసేసింది. నైరా విలువ మార్కెట్టే తేల్చుకోనీ అంది. ఆ ఒక్క రోజులోనే డాలరు 600 నైరాలు దాటింది. 2024 ఫిబ్రవరికి 1,500 కూడా దాటేసింది. ఏడాది తిరక్కుండా నైరా తన విలువలో మూడింట రెండొంతులు పోగొట్టుకుంది.

రెండు నిర్ణయాలూ ఒకదాన్నొకటి ఎలా తిన్నాయి

విషయం చిక్కుపడేది ఇక్కడే. సబ్సిడీ అంటే దిగుమతి ఖర్చుకీ బంకు ధరకీ మధ్య తేడా అన్నాం కదా, ఆ దిగుమతి ఖర్చు డాలర్లలో ఉంటుంది. అంకెలతో చూద్దాం. లెక్క సులువు కోసం లీటరు దిగుమతికి 75 సెంట్లు అవుతుంది, మధ్యలో అది మారలేదు అనుకుందాం.

డాలరు 470 నైరాలున్నప్పుడు లీటరు ఖర్చు సుమారు 352 నైరాలు. బంకులో 190కి అమ్మితే ప్రభుత్వం మీద పడేది 162.

డాలరు 1,500 అయినప్పుడు అదే లీటరు ఖర్చు 1,125. బంకులో 617కి అమ్మితే పడేది 508.

బంకు ధర మూడింతలు పైగా పెరిగింది, అయినా ప్రభుత్వం మీద బరువు కూడా మూడింతలైంది! జనం మూడు రెట్లు ఎక్కువ కట్టి కూడా సబ్సిడీ పోలేదన్నమాట. నా అంకెలు ఊహవే కానీ జరిగింది ఈ బాపతే. 2023 జులైలో 617 దగ్గర ఆపిన ధరని ఏడాదికి పైగా అలాగే ఉంచారు. 2024 ఆగస్టులో ఎన్ఎన్‌పీసీ అధికారులే, ప్రభుత్వం చెప్పిన తక్కువ ధరకి అమ్ముతున్నాం, తేడా మాకు రావాలి అన్నారు. దాన్ని వాళ్లు సబ్సిడీ అనలేదు, 'షార్ట్‌ఫాల్' అన్నారు. పేరు మారితే బాకీ తీరుతుందా? ఆ తర్వాతే సెప్టెంబర్‌లో ధర 850 పైకి, అక్టోబర్‌లో 1,000 అటూ ఇటూకి ఎక్కింది.

ఏ ఒక్క నిర్ణయాన్ని విడిగా తీసుకున్నా సమర్థించవచ్చు. రెండిటినీ పదహారు రోజుల తేడాతో, మధ్యలో ఏ మెత్తా లేకుండా చేయడం వల్ల వచ్చిన దెబ్బ వేరు. పైగా అదే ఏడాది జనవరి నుంచి మార్చి దాకా పాత నోట్లు చెల్లవంటూ కరెన్సీ మార్పిడి జరిగి, చేతిలో నగదు లేక చిన్న వ్యాపారులు అల్లాడిపోయారు. మన 2016 నవంబర్ గుర్తున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంటేగానీ పాత నోట్లు మళ్లీ తిరగలేదు. అంటే జనం దగ్గర దాచుకున్న కాస్త డబ్బు అప్పటికే కరిగిపోయి ఉంది.

దర్జీ కొట్టు నుంచి డెరికా డబ్బా దాకా

ఒక దర్జీ ఉంది అనుకుందాం. కుట్టుమిషన్, ఇస్త్రీ, ఫ్యాన్ కోసం రోజుకి 4 లీటర్లు, నెలకి 26 రోజులు జనరేటర్ నడుపుతుంది. లీటరు 185 ఉన్నప్పుడు ఆమె నెల ఖర్చు 19,240 నైరాలు. 617 అయినప్పుడు 64,168. వెయ్యి అయినప్పుడు 1,04,000. గౌను కుట్టుకూలి ఐదు రెట్లు పెంచుదామంటే ఎవరు కుట్టించుకుంటారు, వాళ్ల జేబులోనూ అదే చిల్లు. కాబట్టి జనరేటర్ తక్కువ గంటలు నడుపుతుంది, తక్కువ కుడుతుంది, ఇంటికి తక్కువ తెస్తుంది.

రవాణా చూడండి. లేగోస్‌లో పసుపు రంగు మినీబస్సుల్ని 'డాన్‌ఫో' అంటారు, ఆటోల్ని 'కేకే' అంటారు, అద్దె మోటారుసైకిళ్లు 'ఒకాడా'. ఈ కేకేలు, ఒకాడాల్లో చాలావరకు మన బజాజ్, టీవీఎస్ బళ్లే. ఇవన్నీ పెట్రోల్ మీదే నడుస్తాయి. ధర పెరిగిన మర్నాడే చార్జీలు పెరిగాయి. ఊరి చివర చవక అద్దెల్లో ఉండి రెండు మూడు బళ్లు మారి పనికొచ్చేవాళ్లకే దెబ్బ ఎక్కువ తగిలింది.

తిండి దగ్గర కథ కాస్త వేరు. చాలామంది అనుకునేది ఏంటంటే, సబ్సిడీ పోయింది, లారీ బాడుగలు పెరిగాయి, అందుకే టమాటా పెరిగింది అని. కానీ ఉత్తరాది నుంచి లేగోస్ మైల్ 12 మార్కెట్‌కి టమాటాలు మోసే లారీలు డీజిల్ మీద నడుస్తాయి, డీజిల్ మీద సబ్సిడీ అప్పటికే లేదు! డీజిల్ పెరిగింది నైరా పడిపోవడం వల్ల. ఉత్తరాన బందిపోట్ల భయంతో రైతులు పొలాలకి వెళ్లలేకపోవడం ఇంకో కారణం, అది సబ్సిడీకి ఎంతో ముందు నుంచి ఉన్నది. పెట్రోల్ పాత్ర లేదని కాదు, చిన్న రైతులు కాలవలోంచి నీళ్లు తోడుకునే పంపుసెట్లు పెట్రోల్‌వే, మార్కెట్ నుంచి ఇంటిదాకా మోసే కేకే పెట్రోల్‌దే. అన్నీ సబ్సిడీ నెత్తిన వేయడం ఎంత తప్పో, సబ్సిడీకి సంబంధమే లేదనడమూ అంతే తప్పు.

బియ్యం విషయంలో మన కాకినాడ కూడా ఉంది. కాకినాడ రేవు నుంచి ఉప్పుడు బియ్యం పశ్చిమాఫ్రికాకి వెళ్లడం ఎప్పటి నుంచో ఉన్నదే. 2024 నవంబర్‌లో పవన్ కల్యాణ్ 'సీజ్ ద షిప్' అన్న వీడియో అందరం చూశాం కదా, ఆ స్టెల్లా ఓడ కూడా పశ్చిమాఫ్రికాకి బియ్యం మోసుకెళ్లాల్సినదే. బెనిన్‌లో దిగే బియ్యంలో చాలా భాగం ఎడ్లబండ్ల దారుల్లాంటి అడ్డదారుల్లో నైజీరియా చేరుతుందన్నది అక్కడ బహిరంగ రహస్యం. 2023 జులైలో మన కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపేసి, ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. ఇక్కడ ధరలు అదుపులో ఉండాలని తీసుకున్న నిర్ణయం, సరిగ్గా నైరా కూలుతున్న నెలల్లో, అక్కడి బియ్యం బస్తా మీద ఇంకో బరువు పెట్టింది.

ఆ బస్తాని కొనగలిగేవాళ్లు ఎందరని? మనకి ఒకప్పుడు సోల, తవ్వ, మానిక ఉన్నట్టు, లేగోస్ వైపు బియ్యం 'డెరికా'తో కొలుస్తారు. ఒక టమాటా పేస్టు బ్రాండు ఖాళీ డబ్బా అది, కొలమానమైపోయింది. బస్తాలు కొనేవాళ్లు డెరికాలకి దిగారు, డెరికా కొనేవాళ్లు కప్పులకి దిగారు. పాలపొడి, నూనె, కోకో పొడి, అన్నీ చిన్న సాషేల్లోకి మారాయి, సాషేలో విడిగా కిలోకి లెక్కేస్తే ఎక్కువే పడుతుంది కానీ చేతిలో ఉన్నది ఆ పూట డబ్బే. 2024 మొదట్లో ఉత్తరాన జనం 'అఫఫటా' అనే బియ్యం కొనడం వార్తల్లోకొచ్చింది. మిల్లులో ఏరిపారేసే గట్టి గింజలు అవి, అంతకుముందు చేపల మేతకి అమ్మేవారు. నూకలతో గంజి కాచుకున్న ఇళ్ల జ్ఞాపకం ఉన్నవాళ్లకి ఈ వార్త ఊరికే చదివి వదిలేసేది కాదు.

కనీస వేతనం రెట్టింపైంది కదా?

అయింది, రెట్టింపు కన్నా ఎక్కువే. 2019 నుంచి 30,000 నైరాలున్న కనీస వేతనాన్ని, కార్మిక సంఘాల సమ్మెలు, చర్చల తర్వాత 2024 జులైలో 70,000 చేశారు. దీన్ని లీటర్లలోకి మార్చి చూద్దాం. పాత జీతంతో పాత ధర 185కి 162 లీటర్లు వచ్చేవి. కొత్త జీతంతో 2024 అక్టోబర్‌లో వెయ్యి నైరాల ధరకి 70 లీటర్లు. డాలర్లలో చూస్తే పాతది సుమారు 64 డాలర్లు, కొత్తది 1,600 మారకంతో సుమారు 44. కాగితం మీద పెరిగింది, సంచిలో తగ్గింది. ఇదీ నెల జీతం ఉన్నవాళ్ల మాట. నైజీరియాలో ఎక్కువమంది కూలీలు, చిరువ్యాపారులు, వాళ్లకి ఏ కనీస వేతనమూ వర్తించదు.

సాయం కింద ప్రభుత్వం మొదట కోటీ 20 లక్షల కుటుంబాలకి నెలకి 8,000 నైరాలు ఇస్తామంది, ఇదేం మూలకి అని గోల రావడంతో వెనక్కి తగ్గింది. తర్వాత కోటీ 50 లక్షల కుటుంబాలకి మూడు నెలలపాటు 25,000 చొప్పున అన్నారు. 2024 జనవరిలో ఆ శాఖ మంత్రి మీదే ఆరోపణలొచ్చి సస్పెండ్ చేశారు, పంపిణీ ఆగింది. కొన్నిచోట్ల బియ్యం బస్తాలు పంచారు. ఈ సాయాన్ని అక్కడ 'పాలియేటివ్' అంటారు, మామూలుగా ఆస్పత్రి మాట అది, జబ్బు నయం చేయకుండా నొప్పి మాత్రం తగ్గించేది అని. ఆ మాట ఎవరు ఎంచారో గానీ సరిగ్గా సరిపోయింది.

ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు తగ్గాయనా?

కాదు, ఇక్కడ చాలామంది పొరబడతారు. ద్రవ్యోల్బణం అంటే ధరలు ఎంత వేగంగా పెరుగుతున్నాయన్నది. వంద నైరాల సరుకు ఏడాదిలో 134 అయితే అది 34 శాతం. మరుసటి ఏడు 18 శాతానికి తగ్గితే అదే సరుకు 158 అవుతుంది. టీవీలో తగ్గింది అంటారు, కొట్టుకెళితే 158 అడుగుతారు.

దీనికి ఇంకో మెలిక కలిసింది. 2024 డిసెంబర్‌లో ద్రవ్యోల్బణం 34.80 శాతం. 2025 జనవరిలో 24.48. ఒక్క నెలలో పది శాతం ఎలా పడింది? గణాంక సంస్థ కొలిచే పద్ధతి మార్చింది. లెక్కకి మొదలుగా పెట్టుకున్న సంవత్సరాన్ని 2009 నుంచి 2024కి జరిపింది, జనం ఖర్చులో తిండి వాటా సగానికి పైగా ఉన్నదాన్ని సుమారు 40 శాతానికి తగ్గించింది. ఇది మోసం అనలేం, పదిహేనేళ్ల పాత సరుకుల జాబితాతో కొలవడం కూడా తప్పే, ఏ దేశమైనా అప్పుడప్పుడు మార్చుకోవాల్సిందే. కానీ ఆ పాత అంకెనీ ఈ కొత్త అంకెనీ పక్కపక్కన పెట్టి చూడండి ఎంత తగ్గించామో అంటే మాత్రం ఒప్పుకోలేం. 2025లో ఆ కొత్త పద్ధతిలోనే మొత్తంమీద దిగుతూ వచ్చిన మాట నిజం, డాలరు 1,500 చుట్టుపక్కల నిలబడిన మాటా నిజం.

ఎవరి వాదనలో ఎంత పస

సమర్థించేవాళ్లు, ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ సహా, అడిగేది ఒకటే. ఆ పరిస్థితిలో ఇంకేం చేయాలి? ఖజానాకొచ్చే ఆదాయంలో అత్యధిక భాగం అప్పులు, వడ్డీలు కట్టడానికే పోతున్నప్పుడు, పక్క దేశాల బళ్లకి కూడా పెట్రోల్ పోసే పథకాన్ని ఎన్నాళ్లు మోస్తారు? సబ్సిడీ పోయిన వెంటనే రోజువారీ పెట్రోల్ వాడకం లెక్క 6 కోట్ల లీటర్ల పైనుంచి 5 కోట్ల లోపుకి పడిపోయిందని వాళ్లు చూపిస్తారు. అందులో ఎంత స్మగ్లింగ్ ఆగడం వల్ల, ఎంత జనం బళ్లు మూలపెట్టడం వల్ల అన్నది మాత్రం ఆ అంకె చెప్పదు.

వ్యతిరేకించేవాళ్లలో కార్మిక సంఘాలది ప్రధాన గొంతు. మిగిలిన డబ్బు ఏదీ అని వాళ్లు అడుగుతారు. రాష్ట్రాలకి నెలవారీ వాటాలు బాగా పెరిగాయి, ఆస్పత్రుల్లో బడుల్లో అంత మార్పు కనిపించలేదు. జనాన్ని ఓర్చుకోమన్న కొద్ది నెలలకే, 2023 నవంబర్‌లో, అనుబంధ బడ్జెట్‌లో అధ్యక్షుడి పడవ కోసం 500 కోట్ల నైరాలు పెట్టారు, గోల జరిగాక పార్లమెంటు ఆ డబ్బుని విద్యార్థుల రుణాలకి మళ్లించింది. 2024 ఆగస్టులో 'ఎండ్ బ్యాడ్ గవర్నెన్స్' నిరసనల్లో కనీసం 24 మంది చనిపోయారని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ చెప్పింది. 2025 అక్టోబర్‌లో ప్రపంచ బ్యాంకు, అంటే ఈ సంస్కరణల్ని మెచ్చుకున్న సంస్థే, పేదరికంలో ఉన్నవాళ్లు 13.9 కోట్లని అంచనా కట్టింది. ప్రభుత్వం ఆ అంకెని ఒప్పుకోలేదు.

నాకు ఎక్కువ సబబుగా అనిపించేది మధ్యలో ఉన్న మూడో వాదన, తీసేయాలా వద్దా అన్నది కాకుండా ఏది ముందు, ఏది వెనక అని అడిగేది. మన దగ్గర డీజిల్‌ని 2013 జనవరి నుంచి నెలకి సుమారు 50 పైసలు చొప్పున పెంచుకుంటూ వచ్చి 2014 అక్టోబర్‌లో పూర్తిగా వదిలేశారు. గొణుక్కుంటూనే అలవాటుపడ్డాం. అప్పుడే ప్రపంచ చమురు ధరలు కూలడం మన అదృష్టం, ఆ మాట కూడా చెప్పాలి. నైజీరియాకి ఆ అదృష్టం లేదు. నెమ్మదిగా చేద్దామంటే 2012లోలా వెనక్కి తోసేస్తారన్న భయం టినుబుకి ఉండే ఉంటుంది, అది ఉత్తి సాకు కాదు. అయినా పేదల పేర్లతో నమ్మదగిన జాబితా, వాళ్లకి డబ్బు చేరే దారి సిద్ధం చేసుకోకుండా మొదలెట్టడం, పైగా నైరాని కూడా నెల తిరక్కుండానే వదలడం, అది మాత్రం తప్పించుకోగలిగిన తొందరే.

ఇప్పుడు బంకు ధర ఎవరి చేతిలో ఉంది

2024 సెప్టెంబర్‌లో లేగోస్ దగ్గర లెక్కీలోని డాంగోటే రిఫైనరీ పెట్రోల్ అమ్మడం మొదలుపెట్టింది. రోజుకి 6.5 లక్షల బ్యారెళ్ల సామర్థ్యం, ప్రభుత్వ రిఫైనరీలన్నీ కలిపినా అంత లేదు. డాలర్ల గోల తగ్గేలా దానికి ముడిచమురు నైరాల్లో అమ్మడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. 2025లో డాంగోటే, దిగుమతిదారులు పోటీపడి చాలాసార్లు ధర తగ్గించారు, జనానికి అది కాస్త ఊపిరి. ఆ ఏడాది అక్టోబర్‌లో దిగుమతి పెట్రోల్ మీద 15 శాతం సుంకానికి అధ్యక్షుడు ఒప్పుకున్నారన్న వార్త బయటికొచ్చింది. దేశంలో తయారయ్యేదాన్ని కాపాడాలంటే తప్పదని ఒకరు, ఒకే ఒక్క రిఫైనరీ చేతిలో దేశాన్ని పెడతారా అని ఇంకొకరు. నవంబర్‌లో నియంత్రణ సంస్థ ఆ ఆలోచన ప్రస్తుతానికి లేదంది. ఈలోగా డాన్‌ఫోలకి సీఎన్జీ కిట్లు బిగిస్తున్నారు, సోలార్ ప్యానెళ్ల దిగుమతి బాగా పెరిగింది. ప్యానెల్ కొనలేనివాళ్ల దగ్గర ఆ చిన్న జనరేటరే ఉంది, రోజుకి తక్కువ గంటలు నడుస్తోంది.